వేలెడు ఎత్తి ఆగే మనిషి

ఆయన టీ గ్లాసును ఒక్కసారిగా ఎత్తేవాడు కాదు. బల్ల మీంచి వేలెడు ఎత్తు లేపి, అక్కడ ఆపి, దాని వంక అనుమానంగా చూసి, అప్పుడు నోటిదాకా తీసుకెళ్ళేవాడు. చేపల సంచీ అయినా అంతే, ఎవరైనా తెచ్చి చేతికిచ్చిన పసిబిడ్డ అయినా అంతే. "ముందు వేలెడు. ఆగు. సూడు. అప్పుడు ఎత్తు," అనేవాడు. నలభై ఏళ్ళు కలకత్తా రేవులో పనిచేసిన మనిషి. ఉద్యోగం మానేశాడు కాని ఆయన చేతులు మానలేదు.

పోయిన నెల మామ్మ, అంటే ఆయన భార్య, ఫోన్ చేసింది. నేనప్పుడు జర్మనీలో మా ప్రయోగశాల బయట మెట్ల మీద ఉన్నాను. "పొద్దున్న టీ తాగుదామని గ్లాసు వేలెడెత్తాడు తల్లీ. ఆగాడు. మరి ఆగిపోయాడు. ఒక్క సుక్క ఒలకలేదు," అంది. మొదట ఏడ్చాను. తర్వాత ఆ ఒలకని టీని తలుచుకుని ఏడుస్తూనే నవ్వాను. అంత శుభ్రంగా పోవడం ఇంకెవరికీ చేతకాదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా రేవు పక్కనున్న వాట్‌గంజ్‌లో ఆ పేరుతో ఎవరూ గుర్తుపట్టరు. రేవులో బరువులెత్తే ఖలాసీల జట్టుకి పెద్దని సరంగు అంటారు. ఆ వీధిలో తెలుగువాళ్ళకీ బెంగాలీలకీ బీహారీలకీ ఆయన సరంగే. నాకు సరంగు తాత. రక్తసంబంధం ఏమీ లేదు. మా సొంత తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఆయన జట్టులో పనిచేశాడు, నాకు ఏడేళ్ళు వచ్చేదాకా మేం ఆయన ఉండే ఇంట్లోనే కింది వాటాలో ఉండేవాళ్ళం. తర్వాత నాన్నకి బ్యాంకులో ప్రమోషన్ వచ్చి, సాల్ట్ లేక్ మీదుగా న్యూ టౌన్‌లో పదకొండో అంతస్తుకి చేరాం.

ఆ కొత్త ఇంటికి తాత ఒక్కసారే వచ్చాడు. లిఫ్ట్ తలుపు తీసి పట్టుకుంటే లోపలికి తొంగి చూసి, "దీని తాడు ఎవుడు సూత్తన్నాడు?" అని వాచ్‌మన్‌ని అడిగాడు. కంపెనీవాళ్ళు చూస్తారని అతను చెప్పాడు. ఆఖరిసారి ఎప్పుడు చూశారని అడిగాడు. అతనికి తెలియదు. అంతే, డెబ్బై దాటిన మనిషి పదకొండు అంతస్తులూ మెట్లెక్కి వచ్చాడు. మళ్ళీ మెట్లు దిగే వెళ్ళాడు. వాచ్‌మన్ మాత్రం ఆ తర్వాత నెలరోజులు లిఫ్ట్ ఎక్కలేదట.

ఆయన్ని నేను నిజంగా ఎరిగింది రెండేళ్ళ కిందట, పదకొండు వారాలపాటు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి కలకత్తా ఐటీ పేట సెక్టర్ ఫైవ్‌లో ఉద్యోగం చేస్తున్న నాకు జర్మనీలో పైచదువుకి సీటు వచ్చింది. వీసా జులై మొదట్లోనే చేతికొచ్చేసింది. తరగతులేమో అక్టోబరులో. ఆ సంబరంలో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి ఇంట్లో కూర్చున్నాను. యూనివర్సిటీవాళ్ళు పంపిన ఉత్తరంలో చివరి వాక్యం ఇలా ఉంది: తరగతులు మొదలయ్యేలోగా మీ ఖాళీ సమయాన్ని హాయిగా గడపండి.

మా ఇంట్లో హాయిగా గడపడం ఎవరికీ రాదు. అమ్మ నేను నేర్చుకోవాల్సిన పది కూరల పేర్లు రాసి ఫ్రిజ్ మీద అంటించింది. నాన్న ప్రతి కాగితానికీ ఐదేసి జిరాక్సులు తీయించి, వాటిని ఏ ఫైల్లో పెట్టాడో మరిచిపోయి, మళ్ళీ తీయించాడు. రెండు వారాలయ్యేసరికి నేను బాల్కనీలో కూర్చుని కింద ఆగే క్యాబ్‌లు చూస్తూ ఉండిపోతున్నాను. నిజం చెప్పాలంటే భయం పట్టుకుంది. పనున్నన్నాళ్ళూ భయపడ్డానికి తీరిక లేదు, ఇప్పుడు అది తీరుబడిగా వచ్చి పక్కన కూర్చుంది. నాలుగేళ్ళ ఇంజనీరింగులో నా చేత్తో నేను ఎత్తిన బరువు ల్యాప్‌టాప్ ఒక్కటే. అక్కడివాళ్ళు నన్ను నాలుగు రోజుల్లో కనిపెట్టేస్తారనిపించేది.

"ఊరికే కూర్చుంటే మతిపోతుంది. వీసా వచ్చిందని చెప్పి సరంగు తాతకి మిఠాయి ఇచ్చి రా," అని అమ్మ తరిమింది.

వాట్‌గంజ్‌లో ఆ ఇల్లు ఒకప్పుడు రేవు సరుకు దాచిన గోదాం. దాన్నే గదులుగా విడదీసి అద్దెకిచ్చారు. తాత వాళ్ళది రెండో అంతస్తు. మెట్లు చెక్కవి, ఒక్క మనిషి పట్టేంత ఇరుకు, పైగా మధ్యలో రెండు మెలికలు. పైన వీధివైపు వరండా, దానికి నడుమెత్తు గోడ. ఆ వరండా మీదుగా ఇంటిగోడలోంచి వీధిలోకి పొడుచుకొచ్చిన ఇనప దూలం ఒకటి ఉంది. పాతకాలంలో సరుకు మూటల్ని పైకి లాగడానికి వేసింది.

"యాబై మూడు," అన్నాడు తాత నన్ను చూడగానే. అది నా బరువు. ఆయన కుశలం అడిగే పద్ధతి అదే. "ఉజ్జోగంలో సేరినప్పుడు యాబై ఆరున్నావు. ఏటి, దిగులెట్టుకున్నావేటి?"

ఏమీ లేదని మిఠాయి పెట్టె చేతికిచ్చాను. దానికి నేను కట్టిన పురికొస ముడిని ఆయన చాలాసేపు చూశాడు.

"ఇది నువ్వే కట్టావా?"

"అవును తాతా."

"ఇంజనీరు పాసయ్యావు కదేటి?"

చిటికెన వేలితో ఒక కొస లాగాడు. ముడి జారి పెట్టె తెరుచుకుంది. లోపలి మంచం మీంచి మామ్మ అందుకుంది. "మిఠాయి తెచ్చిన గుంటకి పరీచ్చలెట్టకయ్యా. అది తినడానికి తెచ్చింది, ఓడెక్కించడానికి కాదు."

యూనివర్సిటీ ఉత్తరం గురించి చెబితే తాత రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు. జర్మనీవాళ్ళు పనిమంతులని రేవులో విన్నాడట, వాళ్ళు ఒక మనిషిని ఖాళీగా ఉండమని కాగితం మీద రాసి పంపారంటే నమ్మలేకపోయాడు. "ఖాళీగా పడున్న తాడే ముడిపడతాది. రేపు పదింటికి రా," అన్నాడు.

మర్నాడు వెళ్ళాను. న్యూ టౌన్ నుంచి రెండు బస్సులు, రెండు గంటలు. ఆ తర్వాత రోజూ వెళ్ళాను. మూడు వారాలు మూడే ముళ్ళు నేర్పాడు. కళ్ళు మూసుకుని వెయ్యాలి, తాడు తడిసినప్పుడు వెయ్యాలి, ఎడమచేత్తో వెయ్యాలి. బాగా వస్తోందని నేను మురిసిపోయినప్పుడల్లా విప్పేసేవాడు. నేను ఒక్కసారి "పరవాలేదు తాతా, నిలుస్తుందిలే" అన్నాను. ఆయన మొహం మాడిపోయింది. "పరవాలేదన్నకాడే తాడు తెగుతాది. ఆ మాట నా ఇంట్లో అనకు," అన్నాడు. అంత కోపం దేనికో నాకప్పుడు అర్థం కాలేదు.

రేవు పద్ధతులు కూడా చెప్పాడు. బరువు గాల్లో ఉన్నప్పుడు ఒక్క నోరే పలకాలి. పదిమంది తాడు పట్టినా మాట చెప్పేవాడు ఒక్కడే, అతనే సరంగు. సరంగు తాడు ముట్టుకోడు, కన్ను తిప్పడు. ఎత్తమనడానికీ దించమనడానికీ రేవంతటికీ రెండే మాటలు. దించమంటే ఆరియా. ఎత్తమంటే ఏమనాలని అడిగితే మాత్రం తాత లేచి వెళ్ళి కుండలో నీళ్ళు తాగాడు.

మామ్మ సంగతి చెప్పాలి. పూర్వం రేవు గేటు దగ్గర ఇడ్లీలు అమ్మిన మనిషి, కంఠం ఆ గేటంత. అప్పటికి మూడేళ్ళ కిందట పడి తుంటి విరిగింది. ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు నలుగురు మోస్తూ మెట్ల మెలిక దగ్గర కుర్చీ ఒరిగి, ఆమె పెట్టిన కేకకి వీధి వీధంతా బయటికొచ్చిందట. ఇంకోసారి ఆ మెట్ల మీద మొయ్యొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. అప్పటినుంచి ఆమె ప్రపంచం మంచం, కుర్చీ, వరండా గోడ. మనిషి మాత్రం నోరు మూసుకోలేదు. కింది అంతస్తులో ఉండే బెంగాలీ మాసీమాతో, అంటే పిన్నిగారితో, నేల మీద కర్రతో కొట్టి కబుర్లాడేది. ఆవిడ మోకాళ్ళు మెట్లెక్కనివ్వవు. ఇద్దరూ మూడేళ్ళుగా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

నాలుగింటికి వీధి మలుపులో పుచ్కా బండి వస్తుంది. మీరు పానీపూరి అంటారు, మామ్మ ముందు అలా అంటే ఒప్పుకునేది కాదు. ఒకరోజు ఆమెకని దొన్నెలో కట్టించుకుని మెట్లన్నీ పరిగెత్తాను. పైకి చేరేసరికి అప్పడంలా ఉండాల్సింది గుడ్డలా అయిపోయింది. మామ్మ నోట్లో పెట్టుకుంది. బావుందంది. రెండోది తీసుకోలేదు.

"పుచ్కా బండోడి సేతిలోంచి నోట్లో పడాల తల్లీ. మద్దిలో మెట్లుంటే అది పుచ్కా కాదు," అని గోడవైపు తిరిగింది. ఎప్పుడూ వేళాకోళమాడే మనిషి అలా తిరిగేసరికి నేను ఊరుకోలేకపోయాను.

ఆ ఊపులోనే అనేశాను. "తాతా, పైన ఆ దూలం ఉంది కదా. కప్పీలు కడదాం. మామ్మని కుర్చీలో కూర్చోబెట్టి వరండా మీంచి దించుదాం."

తాత నా చేతిలో తాడు తీసుకున్నాడు. నిదానంగా చుట్టాడు. మంచం కింద పెట్టాడు. "సరుకుకి కట్టిన తాడు మనిషికి కట్టకూడదు. రేపట్నుంచి రావద్దు," అని మెట్లు దిగి బజారుకి వెళ్ళిపోయాడు.

నేను బిక్కచచ్చిపోయి నిలబడితే మామ్మ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. ముప్పై ఏళ్ళ కిందటి సంగతి. ఆయన జట్టులోనే ఆయన సొంత ఊరివాడు, ప్రాణస్నేహితుడు ఒకడు ఉండేవాడు. మధ్యాహ్నం భోజనం వేళ ఓడ అడుగు నుంచి నిచ్చెన ఎక్కే ఓపిక లేక, పైకి లాగబోతున్న చెక్కపెట్టె మీదెక్కి కూర్చున్నాడు. పరవాలేదు సరంగూ, ఎత్తించు అన్నాడు. సరంగు కూడా పరవాలేదనుకున్నాడు. "హాబీస్" అన్నాడు. రేవు భాషలో ఎత్తమని. సగం ఎత్తులో పెట్టె పక్కకి ఒరిగింది. స్నేహితుడు మళ్ళీ ఓడ అడుగునే పడ్డాడు. ఆ మర్నాడే తాత సరంగు పని వదులుకుని తాళ్ళ గోదాములో కాపలా పని అడిగి తీసుకున్నాడు. ఆ రోజు నుంచి ఆ ఒక్క మాట ఆయన నోట మళ్ళీ రాలేదు.

నాలుగు రోజులు ఇంట్లోనే ఉన్నాను. ఐదో రోజు ఉండబట్టలేక వెళ్ళాను. వెళ్ళేసరికి ఇద్దరికీ వాదన జరుగుతోంది.

"మనిషిని ఎత్తకూడదు. అది రేవు రూలు," అంటున్నాడు తాత.

"రేవు రూలు రేవులో ఎట్టుకో. ఇది నా కొంప."

"ఏటైనా అయితే?"

మామ్మ ఈసారి నవ్వలేదు. "సూడయ్యా. ఈ గదిలోంచి నాను ఎలగైనా దిగుతాను. నువ్వు దించితే కళ్ళు తెరుసుకుని దిగుతాను. నువ్వు దించకపోతే ఒకరోజు నలుగురు దించుతారు. అప్పుడు నాకు పుచ్కా ఎవుడెడతాడు?"

తాత టీ గ్లాసు వేలెడెత్తి ఆగాడు. ఎంతసేపు ఆగాడంటే టీ చల్లారిపోయింది. తాగకుండానే కింద పెట్టేసి నావైపు తిరిగాడు.

"నాలుగు కప్పీలు కావాల. కొత్త తాడు కావాల. నోరు నాది కాదు, నీది. సెయ్యి నాది."

అంటే సరంగుని నేనన్నమాట. నాకు రాదన్నాను. "నాకు వచ్చిన మాట నాను అనలేను. నీకు రానిది నేర్సుకోవచ్చు," అన్నాడు.

ఆ తర్వాత మూడు వారాలు నా జీవితంలో అంత పని ఎప్పుడూ చెయ్యలేదు. కొత్త తాడుని తాత ఒక పగలంతా కూర్చుని మూర మూరా అరచేతిలోంచి పోనిచ్చాడు, ఒకచోట ఆగి, నా కంటికి ఏమీ కనపడని చోట కత్తిరించి పారేశాడు. నేను నోట్‌బుక్కులో లెక్క వేశాను. నాలుగు పోగుల మీద బరువు పడితే లాగే చేతికి నాలుగో వంతు, రాపిడి కలిపితే ఇంకాస్త. తాత లెక్క విని, "సరే. మరి కాయితం తడిస్తే?" అన్నాడు. వర్షం గురించి అడుగుతున్నాడని అర్థమై తడి తాడుకి మళ్ళీ వేశాను. మామ్మ బరువు కోసం కాటా తెద్దామంటే వద్దన్నాడు. ఆమె కింద దుప్పటి మడిచి వేసి, ఆయనా నేనూ చెరోవైపు పట్టి వేలెడెత్తాం. "డెబ్బై రెండు," అన్నాడు.

"వీదిలోకెళ్ళి సాటింపెయ్యి," అంది మామ్మ.

దానికి రెండింతలు ఇసుక బస్తాలు కట్టి ఆ దూలానికి ఒక రాత్రీ ఒక పగలూ వేలాడదీశాడు. దూలం కదల్లేదు. సాయానికి రేవులో వించ్, అంటే తాడు చుట్టి బరువులెత్తే యంత్రం, నడిపిన పాత స్నేహితుడు ఒకాయన వచ్చేవాడు, బెంగాలీ ముసలాయన, మేమంతా వించ్ దాదా అనేవాళ్ళం. ఆయనా తాతా కలిసి నన్ను వరండాలో నిలబెట్టి గొంతు పరీక్ష పెట్టారు. నేను "హాబీస్" అంటే దాదా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఇది తాడు లాగమనడమా, టీ కావాలా అని అడగడమా అని వెక్కిరించేవాడు. తాత మాత్రం ఆ మాట నా నోట వినపడిన ప్రతిసారీ కొద్దిగా ముడుచుకుపోయేవాడు. అయినా ఇంకోసారి అనమనేవాడు.

ఒక ఆదివారం వాన. ఇంకో ఆదివారం ఇంకా పెద్ద వాన. నా విమానం బుధవారం. ఆఖరి ఆదివారం మధ్యాహ్నానికి తెరిపిచ్చింది. వీధిలో అప్పటికే కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. పుచ్కా అతను ఆ రోజు గంట ముందే వచ్చి బండిని మలుపులోంచి మా ఇంటి కిందకి తోసుకొచ్చాడు. అమ్మా నాన్నా కూడా వచ్చారు. నాన్న చేతిలో నా జిరాక్సుల ఫైలు ఎందుకుందో ఇప్పటికీ తెలియదు.

"కట్టినోడే ముందు కూకోవాల," అని తాత పేము కుర్చీలో తనే కూర్చున్నాడు. నేను మాట చెప్పాను, దాదా, ఇంకో ఇద్దరు తాడు పట్టారు. గోడ దాటి, వీధి మీద వేలాడుతూ కిందకి దిగి, మళ్ళీ పైకి వచ్చాడు. క్షవరానికి కూర్చున్నవాడిలా కదలకుండా కూర్చుని దారి పొడుగునా తాడు వంకే చూశాడు. దిగి ఒక ముడి విప్పి మళ్ళీ వేశాడు.

తర్వాత మామ్మ. చర్చికి కట్టుకునే తెల్ల చీర కట్టుకుంది, మొహానికి పౌడరు రాసుకుంది, కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుంది. నడుముకీ ఛాతీకీ మెత్తటి గుడ్డ పట్టీలు కట్టి, తాత ఒక్కో ముడినీ నాచేత చదివించినట్టు తడిమించాడు. ఆయన వెనక్కి వెళ్ళి వరండా స్తంభానికి తాడు రెండు చుట్లు తిప్పి కొస చేతిలో పట్టుకున్నాడు. అక్కణ్ణుంచి ఆయనకి గోడ తప్ప ఏమీ కనపడదు. దాదా పక్కన నిలబడ్డాడు. నేను గోడ దగ్గర, ఆమెకీ వీధికీ మధ్య.

దించడమే కదా అని మామ్మ వాదించింది కాని, గోడ దాటాలంటే ముందు ఎత్తక తప్పదు. "హాబీస్," అన్నాను.

కుర్చీ నేల మీంచి వేలెడు లేచింది. ఆగింది. అది పద్ధతే. నేను నాలుగు వైపులా చూశాను, అన్నీ సరిగ్గా ఉన్నాయి. "హాబీస్," అన్నాను మళ్ళీ.

కుర్చీ కదల్లేదు. వెనక్కి చూశాను. తాత తాడు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మెడ నరాలు పొంగి ఉన్నాయి, కళ్ళు ఎక్కడో ఉన్నాయి. దాదా ఆయన భుజం మీద చెయ్యి వేసి ఏదో అనబోయి మానేశాడు, ఒక్క నోరే పలకాలి కనుక. మామ్మ గాల్లో వేలెడు ఎత్తున వేలాడుతూ నా వంక చూసింది. భయపడుతోందేమో అనుకున్నాను. ఆమె నెమ్మదిగా, నాకు మాత్రం వినపడేలా, "ఆడికి గట్టిగా సెప్పు తల్లీ," అంది.

అప్పటిదాకా నేను ఎవరికీ గట్టిగా ఏదీ చెప్పలేదు. ఆఫీసులో కాని ఇంట్లో కాని. ఊపిరి పీల్చుకుని, మా తాతని, మా గురువుని, నా జట్టులో మనిషిని చూసినట్టు చూశాను.

"తాతా, నేను చూస్తున్నాను. హాబీస్."

తాడు కదిలింది. కుర్చీ లేచింది. మోకాలెత్తు, నడుమెత్తు, గోడ మీదకి. నేనూ మా నాన్నా కుర్చీ కాళ్ళు పట్టి బయటికి తిప్పాం. మామ్మ వీధి మీద గాల్లో ఉంది. "ఆరియా," అన్నాను. కుర్చీ దిగడం మొదలైంది. ఎక్కడా ఒక్క కుదుపు లేదు.

మొదటి అంతస్తు కిటికీ దగ్గరికి రాగానే లోపల మాసీమా ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. "ఆపించు గుంటా," అంది మామ్మ. ఆపించాను. మూడేళ్ళుగా నేల మీద కర్రతో మాట్లాడుకున్న ఇద్దరూ ఊచల్లోంచి చేతులు పట్టుకున్నారు. ఒకరి జుట్టు ఒకరు చూసుకుని, ఎంత తెల్లబడిపోయావంటే ఎంత తెల్లబడిపోయావని అనుకున్నారు. మాసీమా లోపలికి వెళ్ళి కిళ్ళీ కట్టడం మొదలుపెట్టింది.

వెనకనుంచి తాత కేకేశాడు. "ఏటయింది? ఎందుకాపావు?"

"ఏమీ కాలేదు తాతా. మాట్లాడుకుంటున్నారు."

"ఎంతసేపు?"

"తెలీదు. కిళ్ళీ కడుతున్నారు."

దాదా పగలబడి నవ్వి, తాడు స్తంభానికి కట్టేసి మనం టీ తాగి వద్దాం సరంగ్ దా అని బెంగాలీలో అన్నాడు. తాత కూడా నవ్వినట్టు వినపడింది. నేను చూడలేదు, సరంగు కన్ను తిప్పకూడదు కదా.

మామ్మ కుర్చీ వీధిలో నేలకి ఆనినప్పుడు చప్పట్లు, ఈలలు. ఆమె అవేవీ పట్టించుకోకుండా చెప్పులు విప్పించుకుని తడి రాళ్ళ మీద రెండు పాదాలూ ఆనించింది. అలా చాలాసేపు ఉంది. తర్వాత పుచ్కా అతనివైపు చెయ్యి చాపింది. మొదటిది నోట్లో పెట్టుకుని కొరికితే కరకరమన్న చప్పుడు నాకు పైకి వినపడింది. పదకొండు తింది. పులుపు మునుపటంత లేదని అతనితో పోట్లాడింది. కుర్రాళ్ళు కుర్చీతో సహా ఎత్తి వీధి చివర గంగ కనపడేదాకా తీసుకెళ్ళి తెచ్చారు. ఓడలేమీ లేవట, నీళ్ళు మాత్రం ఉన్నాయట. బావుందంది. ఈసారి ఆ మాట అని గోడవైపు తిరగలేదు.

నేనూ మెట్లు దిగి వీధిలోకి వచ్చాను. ఇంత సంతోషం నేనెప్పుడూ ఎరగను. జర్మనీ గుర్తొచ్చింది, భయం వెయ్యలేదు. వెళ్ళాక ప్రతివారం అమ్మ కబుర్లు చెప్పేది, ఎదురింట్లో పక్షవాతంతో పడున్న పెద్దాయన్ని దించారని, ఆ తర్వాత పక్క వీధివాళ్ళు కూడా వచ్చి సరంగుని అడిగి తీసుకెళ్తున్నారని. రెండేళ్ళపాటు ఆయనకి ఒక్క ఆదివారం ఖాళీ లేదు.

కాని ఇదంతా తర్వాత. ఆ సాయంత్రం ఇంకా పని మిగిలే ఉంది. వెలుతురు ఉండగానే మామ్మని పైకి చేర్చాలి. ఈసారి తాడు కొస కిందకి వేసి వీధిలోవాళ్ళే లాగడానికి నిలబడ్డారు, ఆరుగురు కుర్రాళ్ళు, వెనక దాదా. తాత మెట్లు దిగి వచ్చి కుర్చీ పట్టీలన్నీ తడిమి చూశాడు. మామ్మ చేతికి ఇంకా చింతపండు నీళ్ళ వాసన. నేను నా చోట నిలబడి నోరు తెరిచాను.

తాత చెయ్యెత్తి నన్ను ఆపాడు.

కుర్చీ పక్కన నిలబడ్డాడు. తాడు చివరిదాకా చూశాడు, పైన దూలాన్ని చూశాడు, ఆమెని చూశాడు. పెదవులు కదిలాయి కాని మాట రాలేదు. కుర్రాళ్ళు తాడు బిగబట్టి ఎదురుచూస్తున్నారు. దాదా తల వంచుకున్నాడు, ఆయనకి స్నేహితుడు పడిన రోజు సంగతి అంతా తెలుసు. మళ్ళీ పెదవులు కదిలాయి.

"హాబీస్," అన్నాడు. పక్కనున్న నాకే సరిగా వినపడలేదు.

"ఇనపడలేదయ్యా," అంది మామ్మ.

తాత ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు. ఓడ అడుగున ఉన్నవాడికి వినపడాలన్నట్టు, మొహం పైకెత్తి, వీధి అదిరేలా అరిచాడు. ఆరుగురూ ఒక్కసారి లాగారు. కుర్చీ లేచింది. ఆయన మళ్ళీ అరిచాడు, మళ్ళీ లేచింది. మాసీమా కిటికీ దాటింది. గోడ ఎత్తుకి చేరింది. ప్రతి లాగుకీ ఆ మాట, ప్రతిసారీ అంతకంతకీ పెద్దగా. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి కన్ను తిప్పలేదు.

వరండాలో నాన్న కుర్చీ పట్టుకుని లోపలికి లాగాడు. మామ్మ గోడ మీదుగా తల బయటికి పెట్టింది.

"రేపు కూడా ఇంతే గట్టిగా అనాల," అంది.

"అంటాను," అన్నాడు తాత.